వాసోప్రెసిన్: ఒంట్లో నీళ్ల లెక్క చూసే హార్మోన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"అమ్మకి సోడియం పడిపోయిందట, ఐసీయూలో పెట్టారు." ఇలాంటి ఫోన్ మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది. వెంటనే చుట్టాలు వేసే ప్రశ్న ఒకటే: "ఉప్పు బొత్తిగా మానేసిందా ఏమిటి?" చాలాసార్లు సంగతి ఉప్పుది కాదు, నీళ్లది. ఆ నీళ్ల లెక్క చూసే హార్మోన్ వాసోప్రెసిన్. ఇన్సులిన్ పేరు అందరికీ తెలుసు, థైరాయిడ్ పేరు తెలుసు. దీని పేరు మాత్రం డిశ్చార్జి కాగితం మీద కూడా తరచుగా కనబడదు. ఫిజియాలజీ పాఠాలు చెప్పినన్నాళ్లూ విద్యార్థులూ, ఆ తర్వాత బంధువులూ, ఇరుగుపొరుగువాళ్లూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి.

వాసోప్రెసిన్, ఏడీహెచ్, ఏవీపీ... ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. వాసోప్రెసిన్ అంటే రక్తనాళాలను బిగించేదని అర్థం. ఏడీహెచ్ అంటే యాంటీ డైయూరెటిక్ హార్మోన్, మూత్రం ఎక్కువగా పోకుండా ఆపేది. ఏవీపీ అంటే ఆర్జినిన్ వాసోప్రెసిన్, మనుషుల్లో ఉండే రకం. ఒకే మనిషికి ఆధార్‌లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్నట్టే.

ఇన్ని పేర్లు ఎందుకంటే, దీన్ని కనిపెట్టిన వాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో పని కనబడింది. 1895లో ఇంగ్లండ్‌లో ఆలివర్, షేఫర్ పీయూష గ్రంథి సారాన్ని జంతువులకు ఎక్కించి చూస్తే బీపీ పెరిగింది. 1913లో ఇటలీలో ఫారినీ, జర్మనీలో వాన్ డెన్ వెల్డెన్ అదే సారాన్ని అతిగా మూత్రం పోయే రోగులకు ఇస్తే మూత్రం తగ్గింది. రెండు పనులూ చేసేది ఒకే పదార్థమని తేలడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. చూస్తే చాలా చిన్నది. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలుంటే ఇందులో తొమ్మిదే. ముందు ఆక్సిటోసిన్‌ను, వెంటనే దీన్ని ల్యాబ్‌లో తయారుచేసి చూపించిన అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎక్కడ తయారవుతుంది?

పీయూష గ్రంథిలో అని చాలామంది అనుకుంటారు, పరీక్షల్లో రాసినవాళ్లూ ఉన్నారు. తయారయ్యేది మెదడు అడుగు భాగంలో ఉన్న హైపోథాలమస్‌లో. అక్కడి నుంచి నాడీ తంతువుల లోపలి నుంచే కిందికి దిగి, పీయూష గ్రంథి వెనక భాగంలో నిల్వ ఉంటుంది. అంటే ఆ గ్రంథి గోడౌన్ మాత్రమే, ఫ్యాక్టరీ కాదు. ఈ తేడా ఊరికే చెప్పడం లేదు. ఆపరేషన్‌లో గోడౌన్ దెబ్బతిన్నా ఫ్యాక్టరీ బాగుంటే, కొందరిలో కొన్ని రోజులకో వారాలకో హార్మోన్ మళ్లీ అందడం మొదలవుతుంది.

ఒంట్లో నీళ్లు తగ్గాయని మెదడుకు ఎలా తెలుస్తుంది?

రక్తం చిక్కదనాన్ని బట్టి. హైపోథాలమస్ పరిసరాల్లో కొన్ని నాడీకణాలు ఉంటాయి. రక్తం చిక్కబడితే వాటిలోని నీరు బయటికి లాగబడి అవి కొద్దిగా ముడుచుకుంటాయి. ఆ ముడుచుకోవడమే కబురు. రక్తం చిక్కదనం ఒకటి రెండు శాతం మారితే చాలు, హార్మోన్ విడుదల మారిపోతుంది. మనకు దాహం తెలిసేసరికే మెదడు కిడ్నీలకు "నీళ్లు జాగ్రత్త" అని చెప్పేసి ఉంటుంది.

రెండో దారి గుండె, మెడ దగ్గరి పెద్ద రక్తనాళాల్లో ఉన్న ఒత్తిడి గ్రాహకాలది. ఇవి అంత సున్నితమైనవి కావు. ఒంట్లో రక్తం సుమారు పదో వంతు తగ్గితే గానీ గట్టిగా కదలవు. కదిలాయంటే మాత్రం హార్మోన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

వీటికి తోడు వికారం, నొప్పి, ఆపరేషన్ ఒత్తిడి కూడా హార్మోన్‌ను వదిలిస్తాయి. అన్నిటిలోకీ బలమైనది వికారం. వాంతులతో మంచం పట్టిన మనిషికి మంచినీళ్లు మాత్రమే పట్టిస్తే సోడియం ఎందుకు పడిపోతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. లోపల తలుపులు మూసి ఉన్నాయి, మనం పోస్తూ ఉన్నాం.

కిడ్నీలో ఇది చేసే పనేమిటి?

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని వడకడతాయి. బయటికి పోయేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. తక్కినదంతా వెనక్కి వస్తుంది. అందులో ఎక్కువ భాగం హార్మోన్ ఉన్నా లేకపోయినా దానంతటదే వెనక్కి వస్తుంది. చివరి గొట్టాల దాకా చేరే కొద్ది భాగం గురించే ఈ తతంగమంతా. కానీ 180లో కొద్ది భాగమన్నా లీటర్లలోనే లెక్క.

ఆ చివరి గొట్టాల గోడలు మామూలుగా నీటిని లోపలికి రానివ్వవు. వాసోప్రెసిన్ వచ్చి వీ2 అనే గ్రాహకాన్ని తాకితే, కణం లోపల చిన్న సంచుల్లో దాచి ఉంచిన ఆక్వాపోరిన్-2 అనే నీటి గొట్టాలు నిమిషాల్లో కణం అంచుకు వచ్చి అతుక్కుంటాయి. చెరువు తూము ఎత్తినట్టు నీళ్లు వాటిగుండా ఒంట్లోకి తిరిగి వస్తాయి. హార్మోన్ తగ్గగానే ఆ గొట్టాలు మళ్లీ లోపలికి వెళ్లిపోతాయి, నీళ్లు మూత్రంగా పోతాయి. రక్తంలో హార్మోన్ ఎక్కువసేపు నిలవదు, పది ఇరవై నిమిషాల్లో సగమైపోతుంది. కాబట్టి ఈ తూము రోజంతా లేస్తూ దిగుతూనే ఉంటుంది.

కణాల్లో నీటికి ప్రత్యేకంగా దారులున్నాయని చూపించిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. ఆయన చూపించేదాకా నీళ్లు పొరల్లోంచి ఎలాగో జారిపోతాయిలే అనే మేమూ పాఠం చెప్పేవాళ్లం.

పొద్దున మొదటి మూత్రం ముదురు రంగులో ఎందుకు ఉంటుంది?

రాత్రంతా నీళ్లు తాగం, హార్మోన్ పని చేస్తూ ఉంటుంది, మూత్రం చిక్కబడుతుంది. మంచి సూచనే. రాత్రి ఒకటికి నాలుగుసార్లు లేచే పెద్దవాళ్లలో చాలామందికి ఈ రాత్రి పెరుగుదల తగ్గిపోయి ఉంటుంది. ప్రోస్టేట్, షుగర్, కాళ్లవాపు లాంటి కారణాలు వేరే ఉంటాయి, ముందు వాటిని చూడాలి.

మందు తాగితే ఊరికే మూత్రం వస్తుందేం?

ఆల్కహాల్ వాసోప్రెసిన్ విడుదలను అణిచేస్తుంది. తాగిన దానికంటే ఎక్కువే బయటికి పోతుంది. మర్నాడు నోరు పిడచ కట్టుకుపోవడానికి ఇదొక కారణం.

పేరులోనే బీపీ ఉంది. నాకు బీపీ రావడానికి కారణం ఇదేనా?

దాదాపు కాదనే చెప్పాలి. మామూలు రోజుల్లో రక్తంలో ఉండే కొద్దిపాటి హార్మోన్ నీళ్ల పనికే సరిపోతుంది. రక్తనాళాలను బిగించే వీ1ఏ గ్రాహకాలు గట్టిగా పని చేయాలంటే మోతాదు బాగా పెరగాలి. యాక్సిడెంట్‌లో రక్తం బాగా పోయినప్పుడు, ఒంట్లో నీరంతా ఇంకిపోయినప్పుడు అలా పెరిగి, బీపీ మరీ పడిపోకుండా కాస్తుంది. హార్మోన్ అవసరానికి మించి ఊరే జబ్బులో కూడా రోగికి సాధారణంగా బీపీ పెరగదు, సోడియం తగ్గుతుంది. పేరు పెట్టినవాళ్లు ముందు చూసిన పనిని బట్టి పెట్టారు, అంతే.

డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటే షుగర్ జబ్బేనా?

కాదు. షుగర్‌కూ దీనికీ ఉన్న పోలిక అతిగా మూత్రం, అతిగా దాహం మాత్రమే. షుగర్ రోగి మూత్రంలో తీపి ఉంటుంది. మన ఆయుర్వేద గ్రంథాలు మధుమేహం అన్నది అందుకే. ఇన్సిపిడస్ అంటే చప్పటిదని. ఇక్కడ రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది. హార్మోన్ తగినంత ఊరకపోవడం ఒక రకం, హార్మోన్ ఉన్నా కిడ్నీ దాని మాట వినకపోవడం రెండో రకం. పెద్దవాళ్లలో రోజుకు మూడు లీటర్లు దాటి మూత్రం పోతుంటే అనుమానించాలి. తీవ్రమైన కేసుల్లో పది లీటర్లు కూడా దాటుతుంది. ఇలాంటివాళ్లకు చల్లటి నీళ్ల మీదే మనసు పోతుంది. రాత్రి మంచం పక్కన బిందె ఉండాల్సిందే.

పేరులో ఉన్న గందరగోళం ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. ఆస్పత్రుల్లో "డయాబెటిస్" అన్న మాట చూసి చక్కెర కొలిచి ఊరుకోవడం, రోజూ తప్పనిసరిగా వేసుకోవాల్సిన మందును ఆపేయడం లాంటివి జరిగాయి. అందుకే 2022లో అంతర్జాతీయ ఎండోక్రైన్ సంఘాలు కలిసి పేరు మార్చాయి. ఇప్పుడు మొదటి రకాన్ని ఏవీపీ లోపం అని, రెండో రకాన్ని ఏవీపీ నిరోధం అని అనాలి. ప్రిస్క్రిప్షన్లలో పాత పేరు ఇంకా కొన్నాళ్లు కనబడుతుంది.

అది ఎవరికి వస్తుంది?

ఏవీపీ లోపం పీయూష గ్రంథి ఆపరేషన్ తర్వాత, తలకు బలమైన దెబ్బ తగిలాక, ఆ చుట్టుపక్కల గడ్డలు వచ్చినప్పుడు, రోగనిరోధక శక్తి సొంత కణాల మీదే తిరగబడినప్పుడు వస్తుంది. హెల్మెట్ పెట్టుకోమని చెప్పడానికి ఇది కూడా ఒక కారణమే.

ఏవీపీ నిరోధం పెద్దవాళ్లలో ఎక్కువగా మందుల వల్ల. మనోవ్యాధికి ఏళ్ల తరబడి లిథియం వాడినవాళ్లలో ఇది బాగా తెలిసిన ఇబ్బంది. రక్తంలో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా వస్తుంది. పుట్టుకతో వచ్చే రకంలో ఎక్కువ కేసులు ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపం వల్ల కాబట్టి మగపిల్లల్లోనే ఎక్కువ. నెలల పాపాయి ఎంత పాలు పట్టినా ఏడుస్తూ, కారణం లేని జ్వరం, మలబద్ధకంతో బరువు పెరగకపోతే పిల్లల డాక్టర్లు దీన్ని కూడా దృష్టిలో పెట్టుకుంటారు.

గర్భిణుల్లో అరుదుగా ఇంకో రకం కనబడుతుంది. మాయ నుంచి వచ్చే ఒక ఎంజైమ్ వాసోప్రెసిన్‌ను విరగ్గొడుతుంది. కాన్పయ్యాక కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది.

ఎలా నిర్ధారిస్తారు?

ముందు 24 గంటల మూత్రం కొలుస్తారు. ఇది విసుగు పని, కానీ చాలామంది "డాక్టర్ గారూ, ఊరికే వెళ్తున్నానండీ" అని చెప్పేది ఎక్కువసార్లు వెళ్లడమో, నిజంగా ఎక్కువ మూత్రమో ఇది తేలుస్తుంది. తర్వాత రక్తంలో సోడియం, చక్కెర, కాల్షియం, మూత్రం చిక్కదనం. అవసరమైతే ఆస్పత్రిలో ఉంచి, నీళ్లు ఆపి గంట గంటకూ బరువు, మూత్రం చూసే పరీక్ష చేస్తారు. దయచేసి దీన్ని ఇంట్లో ప్రయత్నించకండి. నిజంగా జబ్బు ఉన్న మనిషికి కొన్ని గంటలు నీళ్లు ఆపితే సోడియం ప్రమాదకరంగా పెరిగిపోతుంది.

వాసోప్రెసిన్‌ను నేరుగా కొలవడం కష్టం, త్వరగా కరిగిపోతుంది. దానితోపాటే ఒకే పెద్ద ప్రొటీన్ నుంచి విడివడే కోపెప్టిన్ అనే ముక్క మాత్రం నిలకడగా ఉంటుంది. అందుకని ఇప్పుడు దాన్ని కొలిచి హార్మోన్ ఎంత ఉందో అంచనా వేస్తున్నారు.

చికిత్స ఉందా? జీవితాంతం మందు వాడాలా?

లోపం ఉన్నవాళ్లకు డెస్మోప్రెసిన్ ఉంది. 1960ల్లో ప్రాగ్ నగరంలోని రసాయన శాస్త్రవేత్తలు వాసోప్రెసిన్‌ను కొద్దిగా మార్చి తయారుచేసిన మందు ఇది. నీళ్లను ఆపే పని బలంగా చేస్తుంది, రక్తనాళాలను బిగించే పని దాదాపు చేయదు, ఎక్కువ గంటలు నిలుస్తుంది. గర్భిణుల్లో ఆ మాయ ఎంజైమ్ కూడా దీన్ని ఏమీ చేయలేదు. మాత్రలుగా, ముక్కులో కొట్టుకునే స్ప్రేగా దొరుకుతుంది. కొన్ని స్ప్రేలు ఫ్రిజ్‌లో పెట్టాలి, పెట్టె మీద చూసుకోండి.

జాగ్రత్త ఒకటే, కానీ అదే ముఖ్యం. మందు పని చేస్తున్నప్పుడు పాత అలవాటు కొద్దీ బిందెడు నీళ్లు తాగితే సోడియం పడిపోతుంది. దాహం వేస్తేనే తాగాలి. ఏ ఆపరేషన్‌కు చేరినా ఈ మందు వాడుతున్నట్టు అక్కడి డాక్టరుకూ, నర్సుకూ కూడా చెప్పాలి, చీటీ మీద రాసి ఇవ్వాలి.

నిరోధం ఉన్నవాళ్లకు ఇది అంతగా పని చేయదు. వాళ్లకు ఉప్పు తగ్గించమంటారు, థయజైడ్ రకం మాత్రలు ఇస్తారు. మూత్రం ఎక్కువ చేసే మాత్ర ఇక్కడ మూత్రం తగ్గించడం వింతే. ఒంట్లో ఉప్పు కొద్దిగా తగ్గేసరికి కిడ్నీ మొదటి గొట్టాల్లోనే నీళ్లను ఎక్కువగా వెనక్కి లాగేసుకుంటుంది. చివరి గొట్టాల దాకా చేరేదే తక్కువవుతుంది.

మరి హార్మోన్ ఎక్కువైతే?

అదే సోడియం పడిపోవడం. రక్తంలో సోడియం 135 నుంచి 145 యూనిట్ల (లీటరుకు మిల్లీమోల్‌లు) మధ్య ఉండాలి. అవసరం లేకపోయినా హార్మోన్ ఊరుతూ ఉంటే కిడ్నీ నీళ్లను వదలదు, రక్తం పలచబడుతుంది. ఎస్ఐఏడీహెచ్ అంటారు. 1957లో ష్వార్ట్జ్, బార్టర్ మొదటిసారి వర్ణించిన రోగులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లు. న్యుమోనియా, మెదడు జ్వరం, ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు కూడా కారణమవుతాయి.

వంటింటి మాటలో చెప్తాను. చారులో చెంచాడు ఉప్పు వేశారు, సరిగ్గా ఉంది. ఎవరో వచ్చి రెండు చెంబుల నీళ్లు కలిపేశారు. చప్పబడింది. ఉప్పు ఎక్కడికీ పోలేదు. రిపోర్టులో 122 అని రావడం చాలాసార్లు ఇదే.

మా పెద్దమ్మకు ఇలాగే జరిగింది. గుంటూరు దగ్గర పల్లె, డెబ్భై ఆరేళ్లు. బీపీకి కొత్తగా మాత్ర మార్చారు, అందులో థయజైడ్ కలిసి ఉంది. అది మే నెల. వచ్చిన ప్రతివాళ్లూ "నీళ్లు బాగా తాగు పిన్నీ" అన్నారు. ఆవిడ బుద్ధిగా తాగింది. తినడం మాత్రం రెండు ముద్దల మజ్జిగన్నం. పది రోజులకు మాట తడబడింది, బాత్‌రూమ్‌కు వెళ్తూ తూలిపడింది. "వయసు మీద పడింది, మతి తప్పుతోంది" అనుకున్నారంతా. తీసుకెళ్లిన మొదటి చోట కూడా అదే అని బలానికి ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. రెండో రోజు రక్తపరీక్షలో సోడియం 116. మాత్ర మార్చి, నీళ్లు తగ్గించి, నెమ్మదిగా సరిచేశాక వారంలో మనవళ్లను పేరుపేరునా పిలిచి తిట్టింది.

మాత్ర మార్చాక వచ్చిన తికమక, వికారం, తూలు, మత్తు... వీటికి ఒక్క సోడియం పరీక్ష చేయించండి. ఖర్చు పెద్దగా ఉండదు.

సోడియం తగ్గితే ఉప్పు ఎక్కువ తింటే సరిపోదా?

కారణం తెలియకుండా తినకూడదు. గుండె జబ్బు వల్లో, కాలేయం చెడిపోయో నీరు పట్టి సోడియం తగ్గినవాళ్లకు ఉప్పు పెంచితే ఆయాసం పెరుగుతుంది. ఎస్ఐఏడీహెచ్‌లో మొదటి వైద్యం నీళ్లు తగ్గించడం. రోజుకు ఇంత అని డాక్టరు చెప్తారు, ఆ లెక్కలో కాఫీ, మజ్జిగ, చారు కూడా వస్తాయి. కొందరికి ఉప్పు మాత్రలు, ఇంకొందరికి వీ2 గ్రాహకాన్ని అడ్డుకునే టోల్వాప్టాన్ ఇస్తారు. విరేచనాల వల్ల ఉప్పూ నీళ్లూ రెండూ పోయినవాళ్లకు మాత్రం ఓఆర్ఎస్, సెలైన్ సరైన మందే. అంటే ఒకే అంకెకు మూడు రకాల వైద్యం.

సెలైన్ గబగబా ఎక్కించి వెంటనే ఎందుకు సరిచేయరు?

బంధువులకు అర్థం కాని ఆలస్యం ఇదే. సోడియం రోజుల తరబడి తక్కువగా ఉంటే మెదడు కణాలు దానికి అలవాటు పడతాయి. ఒక్కసారిగా పెంచితే నరాల మీది పొర దెబ్బతిని, కాళ్లూ చేతులూ మాటా పడిపోవచ్చు. అందుకే 24 గంటల్లో ఎనిమిది నుంచి పది యూనిట్లకు మించి పెరగకుండా చూస్తారు. ఫిట్స్ వస్తుంటే మాత్రం గాఢమైన సెలైన్ కొద్దికొద్దిగా ఇచ్చి నాలుగైదు యూనిట్లు త్వరగా పెంచి, అక్కడి నుంచి మెల్లగా వెళ్తారు. నాలుగు గంటలకోసారి రక్తం తీస్తున్నారని సిబ్బందిని విసుక్కోకండి.

రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి?

అందరికీ ఒకే అంకె లేదు. రామగుండంలో మే నెలలో ఎండన పనిచేసే మనిషికీ, ఏసీ గదిలో కూర్చునే మనిషికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాహాన్ని నమ్మవచ్చు. ముసలివాళ్లలో దాహం మందగిస్తుంది కాబట్టి ఎండాకాలం గుర్తుచేయాలి. గుర్తుచేయడం వేరు, గంటకో చెంబు పట్టించడం వేరు. చెమట బాగా పోయేవాళ్లకు ఉప్పు వేసిన మజ్జిగ ఉత్త నీళ్లకంటే మేలు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తగ్గి ఉంది, దారి పొడవునా అతిగా తాగడమే ముఖ్య కారణం.

మా బాబు ఏడేళ్లయినా పక్క తడుపుతున్నాడు. ఈ హార్మోన్ లోపమా?

జబ్బు అనకండి. కొందరు పిల్లల్లో రాత్రిపూట హార్మోన్ పెరగడం ఆలస్యంగా కుదురుకుంటుంది, కొందరికి నిద్ర మరీ గాఢం. తిట్టడం, వాతలు పెడతామని బెదిరించడం వల్ల టెన్షన్ పెరుగుతుంది తప్ప పక్క ఆరదు. మలబద్ధకం ఉంటే ముందు అది చూడాలి. తడి తగలగానే మోగే అలారం బాగా పని చేస్తుంది. ఊరెళ్లేటప్పుడో, అలారం కుదరనప్పుడో డెస్మోప్రెసిన్ మాత్ర ఇస్తారు. వేసుకునే గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటల దాకా నీళ్లు బాగా తగ్గించాలి. ముక్కు స్ప్రేతో కొందరు పిల్లలకు సోడియం పడిపోయి ఫిట్స్ రావడంతో 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పక్క తడపడానికి ఆ స్ప్రే వాడవద్దంది.

నాన్నకు ఐసీయూలో వాసోప్రెసిన్ పెట్టారు. నీళ్ల కోసమా?

కాదు, అది బీపీ కోసం. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోయినప్పుడు ముందు నార్‌అడ్రినలిన్ ఇస్తారు. అది చాలకపోతే దీన్ని జోడిస్తారు. కాలేయం చెడి రక్తపు వాంతులైనవాళ్లకు, కిడ్నీలు కూడా మొరాయించినవాళ్లకు దీని బంధువైన టెర్లిప్రెసిన్ ఇస్తారు. ఈ రెండింట్లో ఏ మందు నడుస్తున్నా వేళ్లు నల్లబడటం, ఛాతీ నొప్పి, కడుపు నొప్పి, ఆయాసం కనబడితే వెంటనే చెప్పాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

రెండు రోజుల లెక్క ఒక కాగితం మీద: ఎంత తాగారు, ఎంత మూత్రం వచ్చింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు. కొలవడానికి పాత లీటరు బాటిల్ చాలు. పాత రిపోర్టుల్లో సోడియం అంకె ఎక్కడైనా ఉంటే దాని కింద గీత గీయండి. ఇంట్లో వేసుకుంటున్న ప్రతి మాత్రా, ఆయుర్వేదమైనా, నిద్ర మాత్రైనా, పేరు చెప్పడం కాకుండా స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకుని వెళ్లండి. మా పెద్దమ్మ విషయంలో కారణం దొరికింది ఆ సంచిలోనే.